రంగు పోయిన నది

మార్చి 3

అమ్మడూ,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. కుర్చీ లాక్కుని కూర్చో, పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళనీ కూర్చోబెట్టు. మన నది తేటపడింది! నీళ్ళు నీళ్ళలా కనిపిస్తున్నాయి తల్లీ! మెట్ల మీద నిలబడి చిన్నపిల్లాడిలా గంతులేశాను. మీ అత్త చూసి, "ఒరేయ్, ఆ మోకాళ్ళేమైనా అరువు తెచ్చావా, అంత ధీమాగా ఎగురుతున్నావు?" అంది. అననీ. నా అక్క కాకపోతే ఎవరంటారు?

నీకు తెలియనిదేముంది. నువ్వు బడికి వెళ్ళే రోజుల్లో నది ఏ రంగులో పారితే ఆ రోజు మిల్లులో ఆ రంగు గుడ్డ అద్దుతున్నట్టు. ఎర్రగా వస్తే ఎవరూ కాలు కూడా పెట్టేవాళ్ళు కాదు. నీలంగా వస్తే గొడ్లని తోక పట్టుకుని వెనక్కి లాగేవాళ్ళం. నా వయసంతా అద్దకం షెడ్డులో తొట్ల ముందే గడిచింది కదా, ఆ రంగులన్నీ నా చేతుల మీదుగా పోయినవే. నేను కలిపిన రంగుని నా కూతురు తీసేసింది! మిల్లు వెనకాల మీ కంపెనీ కట్టిన నీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు చూడ్డానికి వెళ్ళాను. కాపలావాడు గేటు తియ్యలేదు. "దీని డ్రాయింగు గీసింది మా అమ్మాయే" అన్నాను. అయినా తియ్యలేదు. పోనీ, గోడ చూసి వచ్చాను. గోడ కూడా ముచ్చటగా ఉంది.

మా పనిలో ఒకటే పరీక్ష. అద్దిన గుడ్డని జాడిస్తూ పోవాలి. జాడించిన నీళ్ళు తెల్ల పింగాణీ గిన్నెలో పట్టి చూడాలి. గిన్నె అడుగు తెల్లగా కనిపించిందంటే గుడ్డలోంచి పోవలసిందంతా పోయినట్టే, ఇక ఆరేసుకోవచ్చు. ఇవాళ పొద్దున ఆ గిన్నె అటక మీంచి దించి నదిలో ముంచాను. అడుగున ఉన్న పగులు కూడా కనిపించింది! టీకొట్టు అక్క, ఆమె దగ్గర టీ తాగేవాళ్ళు అందరూ వంగి వంగి చూశారు. పడవాయన ఒక్కడే మూతి ముడుచుకున్నాడు. "చేపలు రాలేదు కదా మేస్త్రీ" అంటాడు. "వాటికి కబురు అందాలి కదయ్యా" అన్నాను.

ఫోన్ చెయ్యకు. యంత్రాల మోతకి చెవులు పోయాయి కదా, ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పోల్చుకుంటాను గానీ ఫోన్లో ఏమీ వినపడదు. ఉత్తరమైతే ఎన్నిసార్లయినా చదువుకుంటాను, నలుగురికీ వినిపిస్తాను.

ఉబ్బి తబ్బిబ్బవుతున్న,
నాన్న

మార్చి 14

నాన్నా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి నవ్వాను. నువ్వు గంతులేశావంటే నమ్మగలను గానీ గోడ ముచ్చటగా ఉందంటే నమ్మలేను. అది ఉత్త సిమెంటు గోడ.

ఒక్క మాట చెప్పాలి. మేం ఇప్పుడు చేసింది మొదటి దశ, రంగు తీసే దశ మాత్రమే. రెండో దశ ఇంకా ఉంది. మిల్లు వాళ్ళు వచ్చే ఏడాది కడతామంటున్నారు. అది అయ్యేదాకా నది పూర్తిగా బాగుపడినట్టు కాదు. ఇంకా పరీక్షలు జరగాలి. అప్పటిదాకా కాస్త జాగ్రత్తగా ఉండండి. గిన్నె చూసి పొంగిపోకు.

అత్తకి మోకాళ్ళ నూనె పంపిస్తున్నాను. అసలు కావలసింది నీకేమో.

పని ఒత్తిడిగా ఉంది. అందుకే చిన్న ఉత్తరం. కోపం తెచ్చుకోకు.

నీ కూతురు

మార్చి 25

బంగారు తల్లీ,

నీ ఉత్తరం టీకొట్టు దగ్గర బెంచీ ఎక్కి చదివాను. చదువుకున్నవాళ్ళకి ఎంత అణకువ ఉంటుందో అందరికీ చూపించాను. నదిని బాగుచేసి కూడా "ఇంకా పూర్తి కాలేదు" అంటోంది చూడండి, ఇంకొకళ్ళయితే ఈపాటికి ఊరేగింపు చేయించుకునేవాళ్ళు అన్నాను. టీకొట్టు అక్క కళ్ళు తుడుచుకుంది. పొగ వల్ల అని మీ అత్త అంటుంది గానీ, కాదు.

నీ రెండో దశ సంగతి నాకు బాగా అర్థమైంది. రెండో జాడింపు మేమూ చేసేవాళ్ళం. మొదటి జాడింపుకే గిన్నె తేటపడినా, కొనేవాడి తృప్తి కోసం మళ్ళీ ఒకసారి ముంచి తీసేవాళ్ళం. గుడ్డలో తేడా ఏమీ ఉండేది కాదు, పేరుకి రెండుసార్లు అన్నట్టు. మీ రెండో దశా అదే కదా. చెయ్యండి, మంచిదే.

ఇంకో శుభవార్త. నీళ్ళ ట్యాంకరు ఆపేశారు! నది బాగుపడ్డాక ఇంకా ట్యాంకరు ఎందుకని పంచాయతీ ఆఫీసు వాళ్ళు నోటీసు అంటించారు. ఇక మండుటెండలో బిందెల వరుసలు లేవు, జుట్టు పట్టుకోవడాలు లేవు. నేరుగా నదికే పోతున్నాం. పొద్దున్నే అందరూ మెట్ల దగ్గర నా కోసం చూస్తుంటారు. నేను గిన్నె ముంచి చూసి తలూపితే అప్పుడు బిందెలు దించుతారు. "మేస్త్రి చూశాడా?" అని ఒకరినొకరు అడుక్కోవడమే! పనిలోంచి దిగిపోయాక నాకింత మర్యాద ఎన్నడూ లేదు.

నీళ్ళకి కొంచెం ఉప్పదనం ఉంది, అంతే. మీ అత్త "మంచిదే, కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయినా నీ సణుగుడు తప్పుతుంది" అంది. గట్టున తన కూరగాయల మడికీ ఆ నీళ్ళే పోస్తోంది. వంకాయ మొక్కల ఆకులు అంచుల్లో ఎండుతున్నాయట. ఎండ తల్లీ ఈసారి, అంతా ఇంతా కాదు.

నీ వల్ల పెద్దమనిషైన,
నాన్న

ఏప్రిల్ 9

నాన్నా,

ఇది బెంచీ ఎక్కి చదవకు. ఇంట్లో చదువు, అత్తకి చెప్పు.

ఆ నీళ్ళు తాగకండి. వంటకి వాడకండి. నేను జాగ్రత్త అన్నది అణకువతో కాదు. ఉప్పదనం అన్నావు చూడు, ఆ మాట చదివాక నాకు అన్నం సయించలేదు. మొదటి ఉత్తరంలోనే ఇంత సూటిగా రాయవలసింది. నువ్వు అంత సంతోషంగా ఉంటే రాయలేకపోయాను.

ట్యాంకరు ఆపేస్తారని నాకు తెలియదు. ఆపమని మేం చెప్పలేదు. అందరూ కలిసి ఆఫీసుకి వెళ్ళి మళ్ళీ పంపమని అడగండి. అప్పటిదాకా రైల్వే స్టేషను పంపు నుంచి తెచ్చుకోండి. దూరమని తెలుసు. అయినా సరే.

టీకొట్టు అక్కకి ఫోన్ చేశాను. నది నీళ్ళతో టీ పెట్టకు అక్కా అన్నాను. ఏమందో తెలుసా? "పొద్దున్నే మీ నాన్న గిన్నెలో చూసి సరే అన్నాడు. ఎక్కడో కూర్చున్న నీకేం కనిపిస్తుందమ్మా?" అంది. గిన్నెకి రంగు తప్ప ఏమీ కనిపించదు నాన్నా. దాన్ని మళ్ళీ అటక ఎక్కించు.

నీ మాట కోసం ఎదురు చూస్తూ,
అమ్మడు

ఏప్రిల్ 20

తల్లీ,

నీ ఉత్తరం ఇంట్లోనే చదివాను. చదివి తలుపేసుకున్నాను. ఎవరమ్మా నిన్ను బెదిరించింది? నిజం చెప్పు. మంచి పని చేసినవాళ్ళని చూసి ఓర్వలేని వాళ్ళు అన్ని ఆఫీసుల్లోనూ ఉంటారు. నేను మేస్త్రినైనప్పుడు నా తొట్టిలో ఎవడో మట్టి పోశాడు, గుర్తుందా? నీ మీదా ఎవరో మట్టి పోస్తున్నారు. రేపు ఏదైనా అయితే తమ మీదికి రాకుండా ముందే తాగొద్దని రాసి పెట్టమని నీ పైవాళ్ళు చెప్పి ఉంటారు. నువ్వు మంచిదానివి, రాసేశావు. నీ పేరు చెడనివ్వను. ఆ ఉత్తరం గురించి ఎవరికీ చెప్పలేదు.

అయినా నీ మాట తీసెయ్యలేదు. ఇప్పుడు నీళ్ళు కాచి తాగుతున్నాం. మామూలుగా కాదు, గిన్నెడు నీళ్ళు సగమయ్యేదాకా మరిగిస్తాను. ఇంకేం బతుకుతుంది అందులో? అడుగున తెల్లగా పొలుసు కడుతోంది. దాన్ని గీకి పారేస్తున్నాను. నీ పేరు చెప్పి అందరికీ ఇలాగే కాచుకోమన్నాను. టీకొట్టు అక్క ఎలాగూ కాస్తుంది కదా, ఆమెకి ఏ బాధా లేదు.

స్టేషను పంపు అన్నావు. మీ అత్త ఒకసారి వెళ్ళింది. వచ్చి మంచం మీద వాలిపోయి, "నీ కూతురు ఇంజనీరు కాకముందు నేనింత నడవలేదురా" అంది. సరదాకే అంది. ఈమధ్య కాస్త ఒళ్ళు చేసింది. ముఖం నిండుగా ఉంది, పాదాలు కూడా. చెప్పులు పట్టడం లేదని నా చెప్పులు వేసుకుని తిరుగుతోంది. ఇన్నాళ్ళకి కాస్త తిండి వంటబట్టిందని మురిసిపోతున్నాను. తను మాత్రం "ముసలితనంలో పెరుగుతున్నాను, పెళ్ళి సంబంధాలు చూడరా" అంటుంది.

నిన్ను బెదిరించినవాళ్ళ పేర్లు రాయి. చెవులు వినపడకపోయినా నోరు పనిచేస్తుంది నాకు.

నీ పక్షాన నిలబడ్డ,
నాన్న

మే 2

నాన్నా,

నన్నెవరూ బెదిరించలేదు. కాచకండి. కాస్తే నీళ్ళు పోతాయి, మిగిలింది మిగిలే ఉంటుంది. చిక్కబడుతుంది. ఆపండి.

అత్తది ఒళ్ళు కాదు, వాపు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు. రేపటికి వాయిదా వెయ్యకు. ఏ నీళ్ళు తాగుతోందో డాక్టరుకి చెప్పు, ఇది మాత్రం మర్చిపోకు.

నేను సెలవు అడిగాను.

అమ్మడు

మే 11

అమ్మడూ,

మీ అత్త ఆసుపత్రిలో ఉంది. నీ ఉత్తరం వచ్చే ముందు రోజే పడిపోయింది, మడిలో నీళ్ళు పోస్తూ. కిడ్నీలు పనిచెయ్యడం లేదంటున్నారు. డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు, నాకు వినపడదని కాగితం మీద రాసి చూపిస్తున్నాడు. "ఎప్పటినుంచో లోపల బలహీనంగా ఉండి ఉంటాయి, వయసు" అని రాశాడు. ఏ నీళ్ళు తాగుతున్నారని అడిగాడు. నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. నది నీళ్ళే, కానీ తేటగా ఉంటాయి, నేనే పరీక్ష చేస్తాను అన్నాను. అయితే ఫరవాలేదులే అన్నట్టు తలూపాడు.

నిన్న స్పృహలో ఉంది. మంచం పక్కన గ్లాసు పెట్టుకుని కూర్చున్నాను. "ఏడవకురా, నీ ముఖం ఏడిస్తే మరీ పిండేసిన గుడ్డలా ఉంటుంది" అంది. నేను ఏడుపు ఆపి నవ్వాను. తనకి కావలసింది అదే.

నీకోసం అడుగుతోంది. త్వరగా రా.

నాన్న

మే 30

తల్లీ,

నువ్వు వెళ్ళినప్పటినుంచీ గది గదిలా లేదు. మీ అత్త మంచం గోడకి నిలబెట్టాను. తిట్టేవాళ్ళు లేక ఉప్పు, పప్పు ఎక్కడివక్కడే ఉంటున్నాయి.

అయినా ఒకటి చెప్పకుండా ఉండలేను. ఇంత దుఃఖంలోనూ నా గుండె పొంగిన ఘడియ ఒకటుంది. మీ అత్తని సాగనంపి వచ్చాక ఇంటి ముందు అందరూ కూర్చున్నారు కదా. టీకొట్టు అక్క నీ చేతికి గ్లాసు ఇచ్చింది, నది నీళ్ళు. "నువ్వు బాగుచేసిన నీళ్ళేనమ్మా, ముందు నువ్వు తాగు" అంది. అందరి కళ్ళూ నీ మీదే. నువ్వు గ్లాసు పట్టుకుని కొంచెంసేపు చూశావు. మీ అత్త గుర్తొచ్చిందని నాకు తెలుసు. తర్వాత గటగటా తాగేశావు. ఒక్క చుక్క మిగల్చలేదు!

నీ ఏప్రిల్ ఉత్తరం వల్ల నా మనసులో ఎక్కడో చిన్న ముల్లు ఉండేది, దాచడం ఎందుకు. ఆ గ్లాసుతో అది పోయింది. పడవాయన ఇన్నాళ్ళూ స్టేషను పంపు నీళ్ళే మోసుకునేవాడు. ఆ సాయంత్రమే బిందె తెచ్చాడు. "ఇంజనీరమ్మ తాగాక ఇంక నాదేముంది మేస్త్రీ" అన్నాడు. కొడుకు పిల్లలకీ అవే పడుతున్నాడిప్పుడు. చివరికి ఆ మొండివాణ్ణి కూడా గెలిచావు.

మీ అత్త ఉంటే ఏమనేదో. ఏదో ఒకటి అనేది.

గర్వమూ దిగులూ రెండూ మోయలేకపోతున్న,
నాన్న

జూన్ 8

నాన్నా,

అక్కడ నోరు తెరవలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను. ఇది మాత్రం బెంచీ ఎక్కి చదువు. ఎంత గట్టిగా చదవగలవో అంత గట్టిగా చదువు.

రంగు పోలేదు నాన్నా. కనిపించకుండా పోయిందంతే. ప్లాంటులో మేం ఒక మందు కలుపుతాం. అది రంగుని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలకి రంగుండదు, విషం ఉంటుంది. మేం కలిపిన మందు వాటితో కలిసి ఇంకొన్ని విషాలు పుడతాయి. మిల్లు తొట్లలో వేసిన ఉప్పు, సోడా వేసినవి వేసినట్టే నదిలోకి వస్తున్నాయి. వాటిని ఆపేదే రెండో దశ. అది కొనేవాడి తృప్తి కోసం కాదు. అసలు పని అదే. దానికి ఖర్చు ఎక్కువ. మిల్లు వాళ్ళకి కావలసింది గొడవలు ఆగడం. గొడవలన్నీ రంగు మీదే వచ్చేవి. రంగు తీసేస్తే చాలన్నారు. మా కంపెనీ సరే అంది. నేను గీశాను. రెండో దశ వస్తుందని నిజంగా నమ్మి గీశాను.

ఇదివరకు నది ఎర్రగా వస్తే మీరు దూరంగా ఉండేవాళ్ళు. ఇప్పుడు దగ్గరికి రప్పించాం.

అత్త కిడ్నీలు ముందే బలహీనం అన్నాడు డాక్టరు. అయ్యుండొచ్చు. బలహీనమైనవాటి మీద ఆ నీళ్ళు పడ్డాయి.

ఆ గ్లాసు. అంతమంది ముందు, అత్త పోయిన రోజున, ఈ నీళ్ళే చంపాయని ఎలా అనను? వద్దంటే ఎందుకని అడుగుతారు. భయపడి తాగేశాను. బస్సు ఎక్కే ముందు గోడ వెనకాల కక్కేశాను. అది ఎవరూ చూడలేదు. తాగడం మాత్రం అందరూ చూశారు.

పడవాయన మనవల దగ్గరికి ముందు వెళ్ళు.

అమ్మడు

జూన్ 27

అమ్మడూ,

చదివాను. మూడుసార్లు చదివాను ఇంట్లో. తర్వాత బయటికి వెళ్ళి చదివాను.

సంచులకి సంచులు ఉప్పు ఈ చేతులతోనే తొట్లలో పోశాను. ఉప్పు లేకపోతే రంగు గుడ్డకి పట్టదు. జాడించినప్పుడు ఆ ఉప్పంతా ఎక్కడికి పోతుందని ఒక్కనాడూ అనుకోలేదు. గిన్నెలో తేటగా ఉంటే పోయిందనుకున్నాను. నాలిక మీద ఉప్పగా తగిలినా గిన్నెనే నమ్మాను.

ఎవరూ వినలేదు. పడవాయన ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "మా కళ్ళ ముందు తాగింది కదా మేస్త్రీ. విషమైతే తాగుతుందా? ఏ కూతురైనా తాగుతుందా?" అన్నాడు. టీకొట్టు అక్క నాకు టీ ఇచ్చి, పక్కన కూర్చుని, "అక్క పోయిన దిగులుకి నీకు బుర్ర తిరుగుతోంది, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో" అని నా వీపు నిమిరింది. ఆ టీ కూడా ఆ నీళ్ళదే. ఇంకొకతను "తాగొద్దంటే ఏం తాగమంటావు, గాలా?" అన్నాడు. ఆఫీసుకి వెళ్ళాను ట్యాంకరు అడగడానికి. అక్కడి గుమాస్తా సీసాలో నది నీళ్ళు వెలుతురుకి పట్టి చూపించి, ఇంతకంటే ఏం కావాలి పెద్దాయనా అన్నాడు. నేను నాలుగు నెలలుగా చేసిన పనే అతనూ చేశాడు.

గిన్నె మెట్ల మీద పగలగొట్టాను. ఇప్పుడు ఎవరి గ్లాసులో వాళ్ళు చూసుకుంటున్నారు. నేర్పింది నేనే కదా.

పడవాయన చిన్న మనవడికి నోట్లో పుళ్ళు. పెద్ద మనవరాలికి ముఖం నిండుగా అయిందట. ఆ మాట అంటూ పడవాయన మురిసిపోయాడు.

తల్లీ, ఒక్కటి అడుగుతాను. మందు ఆపేసి రంగు తిరిగి వదిలెయ్యండి. ఎర్రగా రానీ, నల్లగా రానీ. కనీసం భయపడతారు.

నాన్న

జూలై 10

నాన్నా,

అడిగాను. రెండో దశ అయ్యేదాకా మందు ఆపమని మీటింగులో అందరి ముందు అడిగాను. "మందు ఆపితే రంగు వస్తుంది, రంగు వస్తే జనం వస్తారు" అన్నారు. నువ్వు ఎందుకు కావాలన్నావో, వాళ్ళు ఎందుకు వద్దన్నారో, రెండూ ఒకటే కారణం.

నన్ను ఆ పని నుంచి తీసేశారు. ఇప్పుడు వేరే గదిలో పాత కాగితాలు సర్దుతున్నాను. కాలుష్యం చూసే ఆఫీసుకి రాశాను. నీటి రంగు పరిమితిలోనే ఉందని జవాబు వచ్చింది. మిగతావి పరీక్షించాలంటే ఫిర్యాదు అక్కడివాళ్ళ నుంచి రావాలట. అక్కడివాళ్ళు ఫిర్యాదు చెయ్యరు, నీళ్ళు బాగున్నాయి కాబట్టి.

నేను ఆపను. కానీ నెలలు పడుతుంది. నెలాఖరుకి వస్తాను. అప్పటిదాకా ఎవరితోనూ గొడవ పడకు, ఏమీ చెయ్యకు. నువ్వు స్టేషను పంపు నీళ్ళే తెచ్చుకో. ఒక్క బిందె చాలు కదా నీకు.

అమ్మడు

జూలై 24

నా తల్లీ, నా ప్రాణమా!

నది ఎర్రబడింది! ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా, కొత్త గుడ్డ పరిచినట్టు! ఇంత చక్కటి ఎరుపు నా చేతుల్లోంచి ఎన్నడూ రాలేదు!

ఏమీ చెయ్యకు అన్నావు. నీ మాట ఒక్కసారైనా సరిగ్గా విని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు, ఇక ఇప్పుడు వినడం ఎందుకు? షెడ్డులో నా చేతి కింద పనిచేసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఖాళీ డ్రమ్ముల అడుగున గట్టిపడిన రంగు పొడి పారేస్తుంటారు. ఒకరిని అడిగాను. ఎందుకని అడక్కుండా సంచిలో పోసి ఇచ్చాడు. అది కొంచెమున్నా చాలు తల్లీ, చిటికెడు వేస్తే తొట్టెడు నీళ్ళకీ రంగు తిరిగిపోయే రకం. బకెట్లో వేడినీళ్ళతో కలిపాను. ఎలా కలపాలో నాకెవరూ చెప్పక్కర్లేదు కదా. తెల్లారుతుండగా ప్లాంటు గొట్టం పడేచోటికి వెళ్ళి వదిలాను. నదిలో ఇంకాస్త విషం కలిపావా నాన్నా అంటావు. కలిపాను. అన్ని సంచులు మింగిన నది, ఈ బకెట్టు ఒక లెక్కా?

మెట్ల దగ్గరికి వచ్చేసరికి బిందెలన్నీ గట్టు మీదే ఉన్నాయి. ఒక్కళ్ళు దిగలేదు! చిన్నప్పటినుంచి ఒంట్లో ఉన్న భయం కదా, ఒక్క చూపుకి తిరిగొచ్చింది. మనవడు నీళ్ళలోకి ఉరకబోతే పడవాయన రెక్క పట్టుకుని ఇవతలికి లాగాడు.

టీకొట్టు అక్క టీ గిన్నె ఎత్తి కాలవలో పారబోసి, "ఇంజనీరమ్మ మిషను పాడైపోయింది, నాసిరకం కట్టింది, దొంగముండ" అని అరిచింది. నన్ను చూసి నోరు మూసుకుంది. నా చెవులకి అంత అరుపు వినిపిస్తుంది తల్లీ. అందరూ నా వైపే చూస్తున్నారు, నేను తిరగబడతానని. నేనేమన్నానో తెలుసా? "నిజమే. నా కూతురి పని నాసిరకం. నేను చూడ్డానికి వెళ్తే గేటు కూడా తియ్యలేదు. ఇన్నాళ్ళూ మిమ్మల్ని మోసం చేసింది. ఈ నీళ్ళు ముట్టుకోకండి" అన్నాను. ఉత్తరం చదివితే నమ్మనివాళ్ళు ఈ మాట నమ్మారు. తండ్రే అన్నాక ఇంకేముంది అనుకున్నారు. నిన్ను పొగిడి పొగిడి ఇన్ని నెలలు ఈ జనాన్ని నీళ్ళకి తోలాను. తిట్టి వెనక్కి తెచ్చాను.

మర్నాడు నీలం కలిపాను. ఆ మర్నాడు మళ్ళీ ఎరుపు. మూడో రోజు జనమంతా ఆఫీసు మీద పడ్డారు, ఆడవాళ్ళు ముందు. సాయంత్రానికి ట్యాంకరు వచ్చింది! ట్యాంకరు దగ్గర మళ్ళీ జుట్లు పట్టుకున్నారు. ఆనందంతో ఏడ్చేశాను. నువ్వన్న ఆఫీసు నుంచి ఇద్దరు సీసాలు పట్టుకుని వచ్చారు. అక్కడివాళ్ళు ఫిర్యాదు చెయ్యాలన్నావు కదా, వంద వేలిముద్రలు పడ్డాయి. ఇంత నది ఇన్నేళ్ళు పాడైనా ఒక్క సీసా పట్టుకుని రానివాళ్ళు, మిల్లు వాళ్ళే "ఈ రంగు మాది కాదు, పరీక్ష చెయ్యండి" అని గోల పెడితే వచ్చారు. సీసాల్లో రంగొక్కటే పట్టరు కదా తల్లీ? అడుగునున్నదంతా పడుతుంది కదా? అది నువ్వు చూసుకోవాలి. అందుకే రాస్తున్నాను.

నాలుగో రోజు నన్ను పట్టుకున్నారు. మిల్లు కాపలావాడు బకెట్టుతో సహా పట్టించాడు. పోలీసు స్టేషన్లో బల్ల మీద కూర్చోబెట్టి పేరు రాసుకున్నారు. నదిని పాడుచేసినందుకు కేసు. ఈ నది మీద ఇదే మొదటి కేసని రాసేవాడే చెప్పాడు. మొదటి ముద్దాయిని నేనే! ముసలివాడినని ఇంటికి పంపారు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్ళాలి. రంగు నేనే కలిపానని తెలిస్తే జనం మళ్ళీ నదికి దిగుతారేమోనని భయపడ్డాను. కానీ పడవాయన, "ముసలాడి మీద తోసేస్తున్నారు, బకెట్టుతో ఇంత నది ఎర్రబడుతుందా" అని అందరికీ చెబుతున్నాడు. నేను అవునన్నట్టూ కాదన్నట్టూ తలూపాను. సంచిలో ఇంకా మిగిలింది. ఎక్కడుందో రాయను.

నెలాఖరుకి వస్తానన్నావు. ఒక్క సంగతి. ఈసారి నీకెవరూ ఎదురురారు. గ్లాసు ఇవ్వరు. బస్సు దిగిన దగ్గర్నుంచి గది దాకా వీధి పొడుగునా తిడతారు. టీకొట్టు అక్క మరీ తిడుతుంది, దాని నోరు నీకు తెలుసు. పడవాయన ముఖం తిప్పుకుంటాడు. నువ్వు జవాబు చెప్పకు, సర్దిచెప్పకు, నిజం ఇదీ అని ఇప్పుడే మొదలుపెట్టకు. సీసాల పరీక్ష వచ్చేదాకా ఆ కోపమే వాళ్ళని గట్టు మీద ఆపుతోంది. తలొంచుకుని మెల్లగా నడిచి రా. ఎంత గట్టిగా తిడుతున్నారో విను. గొంతులో ఓపిక ఉండి తిడుతున్నారు తల్లీ, బతికున్నవాళ్ళు తిడుతున్నారు.

గుమ్మంలో నిలబడి ఉంటాను.

నీ నాన్న